సీసాలో పరిపక్వమగు పానీయము

ఇంగ్లండులో 1963వ సంవత్సరమున లైసెన్సు నిర్బంధము తొలగినది మొదలు గృహస్థులు స్వేచ్ఛగా ఇంటనే చేసికొనుచున్న బీరునకు, సీసాల కెత్తు ఘట్టమే నిజమైన పరీక్ష. హైడ్రోమీటరును ద్రవమున తేలవిడిచి, వరుసగా రెండుమూడు దినములు అంకె మాఱకున్నప్పుడే పనికి పూనుకొనవలెను. తొందరపడినచో మిగిలిన చక్కెర బిగించిన సీసాలో పులిసి, లోని ఒత్తిడికి గాజు పగిలి ప్రమాదము కలుగును.

20 లీటర్లకు సుమారు 120 గ్రాముల చక్కెరను నీట మరిగించి, చల్లార్చి కలిపి, అడుగు మడ్డి కదలకుండ సన్నని గొట్టముతో, శుద్ధిచేసిన ముదురు గోధుమవన్నె సీసాలలోనికి నురుగు రేగనీయక నింపి, మెడలో అంగుళమంత ఖాళీ యుంచి మూత బిగింపవలెను. అంతట ఈస్టు ఆ స్వల్పశర్కరను ఆరగించి విడుచు బొగ్గుపులుసు గాలి, వెలికిపోవు మార్గము లేక ద్రవముననే లీనమగును. 20 డిగ్రీల వేడిమిలో రెండు వారములు నిలిచిన పిదప మూత తీయగనే పొంగు ఆ తెల్లని నురుగు, శుచిని ఓర్పును పాటించిన చేతులకు లభించు న్యాయమైన ఫలము.