ఆంప్లిఫయరు హమ్

ఆంప్లిఫయరు హమ్ అనగా పాట గానీ మాట గానీ లేనప్పుడు కూడా స్పీకరులో ఎడతెగక వినిపించే "గుంయ్" మనే మంద్రమైన శబ్దం. ఇంటి విద్యుత్తులోని ఏకాంతర ప్రవాహం శ్రవ్య సంకేతంలో కలియడం వలన ఇది పుడుతుంది. చేతులు మారిన పాత ఆంప్లిఫయర్లలో ఇది తరచుగా కనిపించే లోపం. హమ్ చాలావరకు చికాకు మాత్రమే. అయితే కొన్నిసార్లు అది ప్రాణాపాయం కలిగించగల లోపానికి సూచన కూడా. కాబట్టి కారణం తెలుసుకున్న తరువాతనే దానిని తొలగించవలెను.

రకాలు

భారతదేశంలో గృహ విద్యుత్తు 230 వోల్టులు, 50 హెర్ట్జ్‌ల పౌనఃపున్యం కలిగి ఉంటుంది. దీనిని బట్టి హమ్ ముఖ్యంగా రెండు రకాలు.

50 హెర్ట్జ్‌ల హమ్: ట్రాన్స్‌ఫార్మరు అయస్కాంత క్షేత్రం వలన, షీల్డు తెగిన తీగ వలన, లేదా ఎర్త్ లూపు వలన వస్తుంది.

100 హెర్ట్జ్‌ల హమ్: రెక్టిఫయరు తరంగం యొక్క రెండు సగాలనూ ఒకే దిశకు మారుస్తుంది. అందువలన సెకనుకు 100 స్పందనలు ఏర్పడతాయి. వీటిని చదును చేయవలసిన ఫిల్టరు కెపాసిటర్లు బలహీనపడితే ఈ హమ్ వినిపిస్తుంది. సంగీత పరిభాషలో ఇది మొదటి దానికంటే సరిగ్గా ఒక స్థాయి పైన ఉంటుంది.

ఉదాహరణకు 4700 మైక్రోఫారడ్‌ల కెపాసిటరు నుండి 1 ఆంపియరు విద్యుత్తు తీసుకున్నప్పుడు సరఫరాలో సుమారు 2 వోల్టుల హెచ్చుతగ్గు ఉంటుంది. కెపాసిటరు శక్తి సగానికి పడిపోతే ఇది సుమారు 4 వోల్టులు అవుతుంది.

పరీక్షా క్రమం

1. కొన్న సెట్టును నేరుగా ప్లగ్గులో పెట్టకుండా, 60 లేదా 100 వాట్ల ఫిలమెంటు బల్బును సీరీస్‌లో కలిపి స్విచ్చి వేయాలి. బల్బు ఒకసారి వెలిగి మందగిస్తే మంచిది. పూర్తి కాంతితో వెలుగుతూనే ఉంటే లోపల షార్టు ఉన్నట్లు.

2. వాల్యూమ్ పూర్తిగా తగ్గించినా హమ్ మారకపోతే లోపం పవర్ సప్లైలో గానీ అవుట్‌పుట్ దశలో గానీ ఉంటుంది. వాల్యూమ్‌తో పాటు తగ్గితే లోపం వాల్యూమ్ నాబుకు ముందున్న భాగంలో ఉంటుంది.

3. బయటి తీగలన్నీ తీసి, ఇన్‌పుట్‌ను షార్టు చేసిన ప్లగ్గుతో మూయాలి. అప్పుడు హమ్ ఆగితే తప్పు ఆంప్లిఫయరుది కాదు, తీగలది లేదా వాటికి కలిపిన పరికరాలది.

4. స్విచ్చి వేయగానే పెద్ద హమ్‌తో స్పీకరు కోను ఒక పక్కకు తన్నుకుపోయి అక్కడే నిలిస్తే అవుట్‌పుట్ ట్రాన్సిస్టరు షార్టు అయి ఉండవచ్చు. వెంటనే ఆపకపోతే స్పీకరు కాయిల్ కాలిపోతుంది.

ఎర్త్ లూపు

వేదికపై మిక్సరును ఒక ఇంటి కరెంటుకు, ఆంప్లిఫయరును మరొక చోటి కరెంటుకు కలిపినప్పుడు రెండు ఎర్త్‌ల మధ్య స్వల్ప వోల్టేజి తేడా ఉంటుంది. వాటిని కలిపే షీల్డు తీగ గుండా విద్యుత్తు ప్రవహించి హమ్‌గా వినిపిస్తుంది. గ్రామోత్సవాలలో, నాటక ప్రదర్శనలలో ఇది సాధారణం. రెండింటినీ ఒకే బోర్డుకు కలపడం, లేదా సంకేత మార్గంలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు వాడడం దీనికి పరిష్కారాలు.

కృష్ణా డెల్టాలో ప్రత్యేక కారణాలు

విజయవాడలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలే. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరు ఆయుర్దాయం ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకు సుమారు సగం అవుతుందని ఇంజనీర్ల లెక్క. మచిలీపట్నం, అవనిగడ్డ వంటి తీర ప్రాంతాలలో ఉప్పుగాలి వలన సాకెట్లు, సోల్డరు అతుకులు తుప్పు పడతాయి. డెల్టాలోని నల్లరేగడి నేల ఎండాకాలంలో బీటలు వారినప్పుడు ఎర్త్ నిరోధం పెరుగుతుంది. ఎర్త్ గొయ్యిలో ఉప్పు, బొగ్గు వేసి నీరు పోయడం ఇందుకే.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడలోని అజిత్‌సింగ్ నగర్ తదితర ప్రాంతాలను ముంచెత్తింది. అటువంటి వరదలో మునిగిన సెట్టు పైకి శుభ్రంగా కనిపించవచ్చు. పెట్టె లోపలి మూలల్లో ఒండ్రు గీత, ట్రాన్స్‌ఫార్మరు రేకులపై తుప్పు, సర్క్యూట్ బోర్డుపై పచ్చని చిలుము దీనికి గుర్తులు. ట్రాన్స్‌ఫార్మరు ఇన్సులేషన్ చెడితే 230 వోల్టులు పెట్టెకే రావచ్చు.

జాగ్రత్తలు

హమ్ తగ్గుతుందని ప్లగ్గులోని ఎర్త్ పిన్నును తీసివేయరాదు. లూపు తెగి హమ్ ఆగవచ్చు. కానీ ఆ తరువాత ఇన్సులేషన్ చెడితే ఫ్యూజు పోదు, లోహపు పెట్టె, మైకు తొడుగు కరెంటుతో నిలిచి ఉంటాయి. తడి నేలపై నిలబడి మైకు పట్టుకున్న వ్యక్తికి అది ప్రాణాంతకం. పెట్టెను తాకితే జుమ్మనే సెట్టును వాడడం ఆపి, ఎర్త్‌ను, ఇన్సులేషన్‌ను పరీక్షించవలెను. ప్లగ్గు తీసిన తరువాత కూడా కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచి ఉంటుంది. వాల్వు ఆంప్లిఫయర్లలో ఇది 300 వోల్టులకు మించి ఉండవచ్చు. కాబట్టి రెసిస్టరు ద్వారా డిశ్చార్జి చేసి, మల్టీమీటరుతో చూసిన తరువాతనే లోపలి భాగాలను ముట్టుకోవలెను.