డేరా దగ్గర కరెంటు: బ్యాటరీ, సోలార్, జనరేటర్ లెక్క తెలిస్తే రాత్రి తిప్పలుండవు

కనిగిరి, పామూరు వైపు నుంచి నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండుగకో, కసుమూరు మస్తాన్ వలీ దర్గాకో వెళ్లే కుటుంబాలు చాలా ఉన్నాయి. వాటిలో సగానికి సగం లాడ్జి జోలికి పోవు. వ్యానో, టెంపోనో మాట్లాడుకుని, దాని పక్కనే టార్పాలిన్ కట్టి, రెండు రాత్రులు అక్కడే గడుపుతాయి. మిరప కోతలప్పుడు జనవరి నుంచి ఏప్రిల్ దాకా పల్నాడు, గుంటూరు చేల గట్ల మీద డేరాలు వేసుకునే కూలీలదీ ఇదే పరిస్థితి. సెలవులకు భైరవకోన వైపు బండేసుకుని పోయే కుర్రాళ్లదీ అంతే. అందరికీ మొదటి రాత్రే వచ్చే కష్టం ఒకటే: కరెంటు లేదు.

ఇప్పుడు దీనికి మూడు దారులు ఉన్నాయి: బ్యాటరీ, సోలార్ ప్లేటు, పెట్రోలు జనరేటర్. విదేశాల్లో ఇల్లులాంటి బండ్లలో తిరిగేవాళ్లు ఈ మూడింటినీ కలిపి వాడతారు. కేరళ ప్రభుత్వం 2021లో కారవాన్ పర్యాటకం మొదలుపెట్టాక మన దక్షిణాదిలోనూ ఆ మాట వినబడుతోంది. అంత ఖరీదైన బండి మన దగ్గర ఎవరికుంది అనుకోనక్కర్లేదు. బండి ఏదైనా లెక్క ఒకటే. ఆ లెక్క తెలియకే చాలామంది డబ్బు పోసి కూడా రాత్రి రెండింటికి చీకట్లో కూర్చుంటున్నారు.

ముందు ఖర్చు ఎంతో చూసుకోవాలి

ఇంట్లో నెలకు ఎన్ని యూనిట్లు కాలాయో బిల్లులో చూస్తాం. డేరాలో ఒక్క రాత్రికి ఎన్ని వాట్-గంటలు కావాలో చూడాలి. వస్తువు వాట్లను అది నడిచే గంటలతో గుణిస్తే చాలు. వెయ్యి వాట్-గంటలు కలిస్తే ఇంటి మీటరులో ఒక యూనిట్.

ఎనిమిది మంది కుటుంబం ఒక వ్యానులో వెళ్లిందనుకుందాం. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు రెండు, ఐదు గంటలు వెలిగితే 90. ఎనిమిది ఫోన్ల చార్జింగుకు ఒక్కోదానికి 15 చొప్పున 120. పొద్దున చట్నీకి 500 వాట్ల మిక్సీ పది నిమిషాలు తిప్పితే 85 లోపే. ఇక ఫ్యాన్లు. 30 వాట్లు తినే బీఎల్‌డీసీ ఫ్యాన్లు రెండు, తొమ్మిది గంటలు తిరిగితే 540. మొత్తం సుమారు 835 వాట్-గంటలు. ఇన్వర్టర్ తన వంతుగా పదిహేను శాతం దాకా మింగుతుంది కాబట్టి బ్యాటరీ నుంచి 980 దాకా తీయాలి.

ఇక్కడ ఒక్క మార్పు చేసి చూడండి. ఆ రెండు ఫ్యాన్ల బదులు ఇంట్లో ఉండే పాత 75 వాట్ల ఫ్యాన్లు తెచ్చారనుకోండి. ఫ్యాన్లకే 1350 అవుతుంది, మొత్తం రెట్టింపు దాకా పోతుంది. అంటే బ్యాటరీ రెట్టింపు, ప్లేట్లు రెట్టింపు, ఖర్చు రెట్టింపు. డేరా కరెంటులో మొదటి పెట్టుబడి మంచి ఫ్యాను మీద పెట్టాలి, ఆ తర్వాతే బ్యాటరీ సంగతి. 12 వోల్టులతో నేరుగా నడిచే డీసీ ఫ్యాన్లు, డీసీ బల్బులు దొరికితే ఇంకా మేలు, ఇన్వర్టర్ నష్టం కూడా మిగులుతుంది.

ఏసీ సంగతి అడిగేవాళ్లు ఉంటారు. ఒక టన్ను ఏసీ గంట నడిస్తేనే దాదాపు ఒక యూనిట్. పైన చెప్పిన కుటుంబం రాత్రంతా వాడిన కరెంటు దానికి గంటకే చాలదు. బ్యాటరీ మీద ఏసీ ఆలోచన మానుకోవడమే మంచిది. ఇస్త్రీ పెట్టె, రైస్ కుక్కర్, నీళ్లు కాచే రాడ్డు కూడా అదే జాబితా. వేడి పుట్టించే ఏ వస్తువైనా బ్యాటరీకి శత్రువే. వంటకు గ్యాసు స్టవ్వు ఉండనే ఉంది.

బ్యాటరీలో సగమే మనది

12 వోల్టులు, 100 ఏహెచ్ అని రాసి ఉన్న బ్యాటరీలో 1200 వాట్-గంటలు ఉంటాయి. ఇన్వర్టర్లకు వాడే మామూలు లెడ్ బ్యాటరీ అయితే అందులో సగం మించి వాడకూడదు. పూర్తిగా పిండేస్తే ఏళ్ల తరబడి రావలసింది త్వరగా పోతుంది. అంటే చేతికి వచ్చేది 600 మాత్రమే. మన కుటుంబానికి 150 ఏహెచ్ లెడ్ బ్యాటరీ కూడా కొంచెం తక్కువే. అదే లిథియం ఫాస్ఫేట్ రకం 100 ఏహెచ్ అయితే ఎనభై, తొంభై శాతం దాకా వాడుకోవచ్చు, కాబట్టి సరిపోతుంది. బరువు కూడా సగం కన్నా తక్కువ. ధర ఎక్కువే, కాని ఏటా నాలుగైదు ప్రయాణాలు చేసేవాళ్లకు గిట్టుబాటే. ఏడాదికి ఒక్కసారి వెళ్లేవాళ్లు మాత్రం ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీనే ఊడదీసి తీసుకెళ్తారు. తప్పు లేదు, కాని అందులో యాసిడ్ ఉంటుందని మరవకూడదు. గుంతల రోడ్డు మీద ఒరిగితే బట్టలూ పోతాయి, చర్మమూ కాలుతుంది. నిలువుగా, తాడుతో బిగించి, గాలి తగిలే చోట పెట్టాలి. చార్జింగ్ అవుతున్నప్పుడు హైడ్రోజన్ వస్తుంది, పక్కన బీడీ, అగరుబత్తి కూడా వద్దు.

లెడ్ బ్యాటరీలో ఎంత మిగిలిందో చూడటానికి చిన్న మల్టీమీటరు చాలు. ఏ లోడూ లేకుండా కాసేపు ఆగి చూస్తే 12.7 వోల్టులు నిండు, 12.2 సగం. 12 కిందికి పోతోందంటే ఫ్యాను ఆపేయాల్సిందే. లిథియంలో ఈ కొలత పనికిరాదు. చివరిదాకా వోల్టేజి దాదాపు ఒకేలా ఉండి, ఉన్నట్టుండి పడిపోతుంది. దానికి లోపలికి వచ్చింది, బయటికి పోయింది లెక్కపెట్టే మీటరు వేరే పెట్టుకోవాలి.

ఇంకో మాట. బండి స్టార్టు చేసే బ్యాటరీ మీద ఫ్యాన్లు, బల్బులు వేయొద్దు. అది ఒక్క క్షణం గట్టిగా తన్నడానికి తయారైంది, రాత్రంతా నడవడానికి కాదు. పొద్దున్నే బండిని పదిమంది కలిసి తోయాల్సి వచ్చేది ఇందుకే. డేరా బ్యాటరీ వేరుగా ఉండాలి. బండి నడుస్తున్నప్పుడు ఆల్టర్నేటర్ నుంచి అది కూడా నిండేలా మధ్యలో డీసీ-డీసీ చార్జర్ పెట్టించుకుంటే, 20 ఆంపియర్లది మూడు గంటల ప్రయాణంలో 60 ఏహెచ్ నింపుతుంది. డేరా వేసే చోటికి చేరేసరికి సగం పని అయిపోయినట్టే. చాలామంది దీన్ని పట్టించుకోరు, కాని మూడు దారుల కన్నా ఇదే చవకైన నాలుగో దారి.

ఇన్వర్టర్ గురించి చిన్న సంగతి. ఏమీ నడవకపోయినా అది 10 నుంచి 20 వాట్లు తాగుతూనే ఉంటుంది. రోజంతా ఆన్‌లో వదిలేస్తే 240 నుంచి 480 వాట్-గంటలు ఊరికే పోతాయి. పగలు దాన్ని ఆపి ఉంచాలి.

సోలార్: ఎండ ఉంది కదా అని

కనిగిరి ఎండ గురించి ఎవరికీ చెప్పక్కర్లేదు. 100 వాట్ల ప్లేటు మంచి ఎండలో రోజుకు 350 నుంచి 400 వాట్-గంటలు ఇస్తుంది. మన కుటుంబానికి 300 వాట్ల ప్లేట్లు దాదాపు సరిపోతాయి. కాని రొట్టెల పండుగ ఈ ఏళ్లలో జూన్ చివర, జులైలో పడుతోంది. మబ్బు పట్టిందంటే సగం కూడా రాదు. అందుకే సోలార్ ఒక్కదాన్నే నమ్ముకుని బయల్దేరకూడదు.

ఎండ మండిపోతే ప్లేటు ఎక్కువ ఇస్తుందనుకోవడం పొరపాటు. ప్లేటుకు వెలుతురు కావాలి, వేడి అక్కర్లేదు. 25 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీకి 0.4 శాతం దాకా తగ్గుతుంది. మే నెలలో వ్యాను టాపు మీద ప్లేటు 65 డిగ్రీలకు చేరితే పదిహేను శాతం పోయినట్టే. టాపుకు అంటించేయకుండా కింద మూడు, నాలుగు అంగుళాల సందు వదిలితే గాలి ఆడుతుంది. మన ప్రాంతంలో మే మొదటి వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీదే ఉంటాడు, అప్పుడు ప్లేటు పడుకోబెట్టినా చాలు. డిసెంబరు, జనవరిలో మాత్రం దక్షిణం వైపు కొంచెం వాల్చాలి.

నీడ మరో దొంగ. ప్లేటులో గడులన్నీ గొలుసులా ఒకదానికొకటి కలిసి ఉంటాయి. వేపకొమ్మ నీడ నాలుగు గడుల మీద పడితే ఆ నాలుగే కాదు, మిగతావి కూడా నీరసిస్తాయి. మనుషులకు చెట్టు కింద, ప్లేటుకు ఎండలో చోటు చూడాలి. బండిని నీడలో ఆపి, పొడుగు వైరుతో ప్లేటును బయట పెట్టుకోవడం మంచి పద్ధతి. పత్తి దూది, మిరప కల్లాల దుమ్ము రోజూ పొద్దున్నే తడిగుడ్డతో తుడవాలి.

ఎక్కువమంది మోసపోయేది కంట్రోలర్ దగ్గర. ఇంటి మీద పెట్టే 330 వాట్ల పెద్ద ప్లేటు చవకగా దొరికిందని తెస్తారు. అది 37 వోల్టుల దగ్గర 9 ఆంపియర్లు ఇచ్చే రకం. దానికి మామూలు పీడబ్ల్యూఎం కంట్రోలర్ పెడితే అది ప్లేటును బ్యాటరీ వోల్టేజికి లాగేస్తుంది. 9 ఆంపియర్లను 13తో గుణిస్తే 117. డబ్బు ఇచ్చింది 330కి, వచ్చింది 117. అంత పెద్ద ప్లేటుకు ఎంపీపీటీ రకం కంట్రోలర్ ఉండాల్సిందే. చిన్న 12 వోల్టుల ప్లేటుకైతే పీడబ్ల్యూఎం చాలు.

జనరేటర్ పొద్దున్నే, అదీ కొద్దిసేపే

ఒకప్పుడు మన ఊళ్లలో టూరింగ్ టాకీసు డేరా పక్కన ఆయిల్ ఇంజను డుగుడుగుమంటూ ఉండేది. ఇప్పటి చిన్న పెట్రోలు జనరేటర్ కూడా అదే పని చేస్తుంది, కాని దాన్ని నేరుగా రెండు బల్బులకు, ఫ్యానుకు రాత్రంతా నడపడం శుద్ధ దండగ. ఒక కేవీఏ యంత్రం తక్కువ లోడు మీద కూడా గంటకు అర లీటరు దాకా తాగుతుంది. లీటరు వంద దాటిన రోజుల్లో ఆ శబ్దానికి, పక్క డేరా వాళ్ల తిట్లకు అంత ఖర్చు అవసరమా?

దాన్ని బ్యాటరీ నింపడానికే వాడాలి. అందులోనూ చార్జర్ సైజు చూడాలి. 10 ఆంపియర్ల చార్జర్ అయితే బ్యాటరీలోకి గంటకు 135 వాట్లే పోతాయి. రాత్రి తీసిన 980 నింపడానికి ఏడు గంటలు, మూడున్నర లీటర్ల పైన పెట్రోలు. లిథియం బ్యాటరీకి 30 ఆంపియర్ల చార్జర్ పెడితే రెండున్నర గంటల్లో, ఒకటిన్నర లీటర్లతో అయిపోతుంది. లెడ్ బ్యాటరీ అంత వేగం తట్టుకోదు. దానికి ఏహెచ్‌లో పదో వంతు, 150 ఏహెచ్‌కు 15 ఆంపియర్లు, అంతే.

లెడ్ బ్యాటరీ ఖాళీగా ఉన్నప్పుడు కరెంటు గబగబా తీసుకుంటుంది, చివరి ఇరవై శాతం మాత్రం నసిగి నసిగి గంటలు పడుతుంది. అందుకే పొద్దున్నే, బ్యాటరీ అడుగంటి ఉన్నప్పుడు జనరేటర్ రెండు గంటలు నడిపి ఆపేయాలి. మిక్సీ, నీళ్ల మోటారు పనులు కూడా అదే సమయంలో చేసుకుంటే జనరేటర్‌కు తగిన లోడు ఉంటుంది. మిగతాది పగలంతా సోలార్ నెమ్మదిగా నింపుతుంది. సాయంత్రం జనరేటర్ వేసి "ఫుల్ చేసి పడుకుందాం" అనుకోవడం పెట్రోలు పారబోయడమే.

ప్రాణం మీదికి వచ్చేది ఇక్కడే

2024 డిసెంబరులో కేరళలోని వడకర దగ్గర రోడ్డు పక్కన ఆపిన కారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. ఏసీ కోసం నడిపిన జనరేటర్ నుంచి కార్బన్ మోనాక్సైడ్ బండి లోపలికి చేరిందని తర్వాత పరీక్షల్లో తేలింది. ఈ గ్యాసుకు వాసన లేదు, రంగు లేదు. నిద్రలో ఉన్నవాడికి మెలకువే రాదు. మెలకువగా ఉన్నవాళ్లకు ముందు తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టు ఉండటం కనిపిస్తాయి. దాన్ని ఎండదెబ్బ అనో, తిన్నది పడలేదనో అనుకుంటారు. ఒకేసారి ఇద్దరు ముగ్గురికి తలనొప్పి వచ్చిందంటే వెంటనే అందరినీ బయటికి తీసుకెళ్లాలి, జనరేటర్ ఆపాలి, 108కి ఫోన్ చేయాలి.

జనరేటర్ డేరాకు, బండికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ గొట్టం మనుషుల వైపు లేకుండా, గాలి అటు వీచే దిక్కున ఉండాలి. వాన వస్తోందని టార్పాలిన్ లోపలికి లాగడం, దొంగల భయంతో డిక్కీలో పెట్టి నడపడం, రెండూ ప్రాణాంతకమే. అద్దాలు మూసి బండి ఇంజను ఆన్‌లో ఉంచి ఏసీలో పడుకోవడం కూడా అంతే. డేరాలో బొగ్గుల కుంపటి కూడా ఇదే గ్యాసు వదులుతుంది. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి తలగడ దగ్గర పెట్టుకోవడం మంచిది.

వైర్ల సంగతీ తేలిగ్గా తీసుకోకూడదు. 12 వోల్టుల మీద 500 వాట్లు లాగితే 42 ఆంపియర్లు పారతాయి. ఇంటి బల్బు వైరు దానికి కరిగిపోతుంది. బ్యాటరీ నుంచి ఇన్వర్టర్‌కు లావు రాగి వైరు, వీలైనంత పొట్టిగా ఉండాలి. ప్లస్ తీగ మీద, బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు పెట్టించాలి.

ఇన్సులిన్ ఉన్న ఇంట్లో

షుగర్ ఉన్న పెద్దవాళ్లు లేని కుటుంబం ఇప్పుడు అరుదు. "నానీమాకు సూది మందు ఉంది, ఫ్రిజ్ కావాలి" అని దానికోసమే పెద్ద బ్యాటరీ కొనేవాళ్లూ ఉన్నారు. చిన్న 12 వోల్టుల ఫ్రిజ్ రోజుకు 400, 500 వాట్-గంటలు తింటుంది. రెండు రోజులకైతే అంత అవసరం లేదు. వాడటం మొదలుపెట్టిన ఇన్సులిన్ చాలా రకాలు 30 డిగ్రీలు దాటకుండా ఉంటే నాలుగు వారాల దాకా పనిచేస్తాయి. మీ మందు సంగతి డాక్టరునో, మందుల షాపులోనో అడిగి ఖాయం చేసుకోవాలి. రెండు మట్టి కుండలు ఒకదానిలో ఒకటి పెట్టి, మధ్యలో తడి ఇసుక నింపి, లోపల మందును నీళ్లు తగలని డబ్బాలో ఉంచితే బయటి కన్నా చల్లగా ఉంటుంది. పక్కన చిన్న థర్మామీటరు పెడితే అనుమానం ఉండదు. ఐసు ముక్కలకు ఆనించి పెట్టడం, బండి డ్యాష్‌బోర్డు మీద వదిలేయడం మాత్రం చేయకూడదు. గడ్డకట్టిన ఇన్సులిన్, మూసిన బండిలో వేడెక్కిన ఇన్సులిన్, రెండూ పారేయాల్సిందే.

తిరిగి ఇంటికి వచ్చాక లెడ్ బ్యాటరీని అదే రోజు పూర్తిగా చార్జ్ చేసి, డిస్టిల్డ్ వాటర్ మట్టం చూసి పెట్టాలి. సగం ఖాళీగా నెల రోజులు మూలన పడేస్తే లోపల ప్లేట్లు గట్టిపడిపోతాయి. లిథియందైతే సగం నిండి ఉన్నా ఫరవాలేదు, రేకుల షెడ్డులో వేడికి మాత్రం వదలకూడదు. జనరేటర్ ట్యాంకులో పెట్రోలు తీసేసి, కార్బురేటర్‌లో మిగిలింది కూడా కాలిపోయేదాకా నడిపి ఆపితే వచ్చే ఏడాది తాడు లాగగానే స్టార్టవుతుంది.