రౌతు కొద్దీ గుర్రం

గుర్రాన్ని గురించి మన భాషలో ఉన్న సామెతలలో "రౌతు కొద్దీ గుర్రం" అన్నది మిక్కిలి పొట్టిది. అర్థంలో మాత్రం అది చిన్నది కాదు. ఎక్కినవాని నేర్పు ఎంతో గుర్రపు నడక అంతే అని దాని పైపై అర్థం. గుర్రాన్ని చూచి రౌతు ఎటువంటివాడో చెప్పవచ్చునని లోపలి అర్థం. ఈ లోపలి అర్థాన్ని ఒక విద్యగా, ఒక పరీక్షగా పెంచుకొన్న చోటు ఒకటి ఉన్నది. అదే ఇంగ్లండు దేశపు అశ్వప్రదర్శనల బరి. గుర్రాన్నీ, దానిపై కూర్చున్న మనిషినీ అక్కడ ఒకే చిత్తరువుగా చూస్తారు. ఆ చిత్తరువును సిద్ధం చేయడానికి పడే శ్రమ చూడదగినది. దాని వెనుక ఉన్న ఆలోచన తెలుసుకోదగినది.

మన పల్లెలలో ఒంగోలు గిత్తల పోటీలు చూచినవారికి ఈ సంగతి పూర్తిగా కొత్త కాదు. పోటీనాడు కొమ్ములకు నునుపు తెచ్చి, మెడకు గంటలు కట్టి, గిత్తను తోలుకొని వచ్చే రైతు ముఖాన తన బిడ్డను బడిపరీక్షకు తీసుకొని పోతున్న తండ్రి ఆదుర్దా కనబడుతుంది. మా చిన్ననాట, గుర్రానికి తురాయి పెట్టి మువ్వలు కట్టిన ఒక జట్కా తాత కూడా ఇటువంటివాడే. ఆయన సంగతి చివర చెబుతాను. ముందు బరిలోకి పోదాము.

ఐర్లండులో డబ్లిన్ అశ్వప్రదర్శన 1864లో మొదలయినది. ఇంగ్లండులో రాయల్ విండ్సర్ ప్రదర్శన రెండవ ప్రపంచయుద్ధం నడుమ 1943లో పుట్టినది. ఇటువంటి చోట్ల గుర్రాలన్నిటినీ ఒకే కొలబద్దతో కొలవరు. వేట వెంట రోజంతా పరుగెత్తగల బలిష్ఠమైన జాతివి హంటర్లు. షికారుకు ఎక్కే నాజూకైనవి హాక్‌లు. ఎత్తు 155 సెంటీమీటర్లకు మించక, గట్టి నడుముతో దిట్టంగా ఉండేవి కాబ్‌లు. ఒక్కొక్క తరగతికి ఒక్కొక్క అలంకరణ. హంటరు జూలును జడలు వేస్తారు. కాబ్ జూలును సాంతం గొరిగి, మెడ వంపును నగ్నంగా చూపుతారు. వేల్సు మొదలయిన కొండప్రాంతాల పొట్టి గుర్రాలకూ, అరబ్బీ గుర్రాలకూ జడ వేయడం తప్పు. వాటి జూలు సహజంగా వ్రేలాడుతూ ఉండవలసినదే. హాక్ నుదుటిపట్టీకి రంగుల మఖ్మలు ముద్దు. హంటరు నుదుటిపట్టీ మాత్రం సాదా తోలుదై ఉండాలి. ఒకదానికి అందమయినది మరొకదానికి ఎబ్బెట్టు. మన ఆలంకారికులు ఔచిత్యమన్న పేరుతో కావ్యానికి చెప్పిన ధర్మాన్నే అక్కడి అశ్వపాలకుడు గుర్రానికి చెబుతాడు.

ఈ అలంకరణ ప్రదర్శననాటి ఉదయం మొదలవుతుందనుకొంటే పొరపాటు. గుర్రపు మేనిమీది నిగనిగ సీసాలో దొరికేది కాదు. దానికి తగిన మేత, రోజూ వ్యాయామం, కడుపులో పురుగులు లేకుండా చూచుకోవడం, ఆపైన నెలల తరబడి మాలిష్ కావాలి. ఉడికించిన అవిసెగింజలు పెడితే వెంట్రుకకు మెరుపు వస్తుందని పాతకాలపు పరిచారకులు చెప్పేవారు. ఉడికించడం అన్నమాట ముఖ్యం. పచ్చి గింజలలో విషపదార్థం ఉంటుంది. ప్రతిరోజూ ముందుగా ఇనుప కొక్కెంతో గిట్టల అడుగున చిక్కిన మట్టీ రాళ్ళూ తీస్తారు. తరువాత పళ్ళున్న రబ్బరు దువ్వెనను గుండ్రంగా తిప్పుతూ చచ్చిన వెంట్రుకలను, చుండును పైకి తెస్తారు. గట్టి కుచ్చుతో దుమ్ము దులిపి, మెత్తని కుచ్చుతో మేనంతా దువ్వుతారు. కన్నులకూ ముక్కుపుటాలకూ ఒక స్పాంజి, తోక క్రిందికి వేరొక స్పాంజి. రెండింటినీ కలపడం మహాపరాధం. చివర పొడిగుడ్డతో తుడుస్తారు. చేయి తిరిగిన మనిషికి దీనికి ముప్పావుగంట పడుతుంది. ఆ ముప్పావుగంటలో చేతికి తెలియని విషయం ఉండదు. ఎక్కడ వాచినదో, ఎక్కడ వేడిగా ఉన్నదో, ఎక్కడ తాకితే గుర్రం ఉలిక్కిపడుతున్నదో చేతికే ముందు తెలుస్తుంది. మాలిష్ అన్నది అలంకారమనే నెపంతో రోజూ జరిగే వైద్యపరీక్ష.

జూలు సంగతి ప్రత్యేకం. దానిని కత్తెరతో అడ్డంగా కోయరు. అడుగునున్న పొడవాటి వెంట్రుకలను కొద్దికొద్దిగా లాగి పలుచన చేసి, జానెడుకు తక్కువగా సమం చేస్తారు. గుర్రం పని చేసి వచ్చి ఒళ్ళు వెచ్చగా ఉన్నప్పుడు ఆ పని చేస్తే బాధ తక్కువ. జడ వేయబోయే జూలును అప్పుడే కడగకూడదు. కడిగిన జూలు వ్రేళ్ళలో నిలువక జారిపోతుంది. ఒకటి రెండు రోజుల ముందే కడుగుతారు. ప్రదర్శననాడు తెల్లవారకముందే లేచి, జూలును సమభాగాలుగా పాయలు తీసి, ఒక్కొక్క పాయను అల్లి, సూదిదారంతో కుట్టి, మొగ్గవలె చుడతారు. మెడ పొట్టిదయితే జడల సంఖ్య పెంచుతారు, పొడవుగా కనబడుతుంది. మెడ పలుచనదయితే జడను కొంచెం ఎత్తుగా నిలిపి కుడతారు, నిండుగా కనబడుతుంది. మరీ బిగించి అల్లితే గుర్రం మెడ చాచలేదు. దాని నడక చెడుతుంది. తోకకు కట్టే పట్టీ సంగతీ అంతే. కొద్దిసేపు ఉంచితే ఆకృతి వస్తుంది. బిగించి రాత్రంతా వదిలివేస్తే రక్తప్రసారం ఆగి తోకకే ముప్పు వస్తుంది. బయలుదేరే ముందు పిరుదుల మీది వెంట్రుకలను తడిపి, చిన్న దువ్వెనతో అడ్డంగా దువ్వి, చదరంగపు గళ్ళవంటి గుర్తులు దిద్దుతారు. కండ నిండుగా ఉంటేనే ఆ గళ్ళు అందంగా నిలుస్తవి.

ఇక రౌతు. హంటరుమీద ఎక్కినవారు ముతక ఉన్ని కోటు, లేతగోధుమరంగు బిగుతు లాగు, మోకాలిదాకా బూట్లు, చేతితొడుగులు ధరిస్తారు. స్త్రీలు జుట్టును వలలో బిగించుకొంటారు. మెరిసే నగలు పనికిరావు. రౌతు వైపు చూచిన కన్ను అక్కడ నిలువక గుర్రం మీదికి జారాలన్నదే అక్కడి నియమం. జీనును కూడా ముందువైపు నిటారుగా కోసి కుట్టిస్తారు. గుర్రపు భుజం మరుగు పడకూడదు గదా! ఈ కట్టుబాట్లలో చాలావాటికి పుట్టుక వేటలో ఉన్నది. జూలు పగ్గాలలో చిక్కుకోకుండా జడ వచ్చినది. వేటకాడు మెడకు చుట్టుకొనే పొడవాటి తెల్లగుడ్డ, పొదలలో పడి గాయమయితే కట్టుగుడ్డగా పనికివస్తుందని చెప్పుకొంటారు. అక్కరలో పుట్టినది క్రమంగా అలవాటై, అలవాటు అలంకారమైనది.

1929లో బ్రిటనులో పిల్లలకోసం ఏర్పడిన పోనీ క్లబ్బులో ఈ విద్యను చిన్ననాడే నేర్పుతారు. అక్కడ పరీక్షకులు వచ్చి కళ్లెపు తోలు మడతలలో మురికి ఉన్నదా, కుట్లు వీగినవా, గిట్టల అడుగు శుభ్రంగా ఉన్నదా అని వంగి చూస్తారు. కుట్టు వీగిన పట్టీ పరుగు మధ్యలో తెగితే పిల్లవాని ప్రాణం మీదికి వస్తుంది. తోలుకు సబ్బు పట్టించే చేతికి ఆ వీగిన కుట్టు తగలకపోదు. ఉపాధ్యాయులమైన మనం పిల్లల పుస్తకాల అట్టలు చూడమంటే చిరాకు పడతాము. అట్ట చూడడం వేరు, అట్ట విప్పి చూడడం వేరు అని ఆ పరీక్షకులు మనకు చెబుతున్నట్టున్నది.

అయితే ఈ కథకు చీకటి పార్శ్వం లేకపోలేదు. అందం ఎవరికోసమన్న ప్రశ్న మరచిపోయిన ప్రతిసారీ ఆ బరిలో గుర్రం హింసపడినది. తోక పొట్టిగా ఉంటే సొగసని ఎముకతో సహా నరికేవారు. ఈగలను తోలుకొనే సాధనం లేక ఆ జంతువు జీవితాంతం బాధపడేది. ఆ ఆచారాన్ని బ్రిటనులో 1949 నాటి చట్టం నిషేధించినది. తల ఎప్పుడూ ఠీవిగా నిలబడి ఉండాలని బండిగుర్రాల తలలను పట్టీతో వెనుకకు లాగి కట్టేవారు. మెడా ఊపిరీ రెండూ దెబ్బతినేవి. 1877లో అన్నా స్యూవెల్ రాసిన 'బ్లాక్ బ్యూటీ' నవలలో గుర్రమే తన కథ చెప్పుకొంటూ ఆ బాధను లోకానికి వినిపించినది. అమెరికాలో టెనెసీ వాకింగ్ జాతి గుర్రాలు ముందుకాళ్ళు మరీ ఎత్తి నడిస్తే బహుమతులు వస్తవని, కాళ్ళకు మంటపుట్టించే మందులు పూసేవారు. ఆ జంతువు నొప్పికి కాలెత్తితే జనం నాట్యమని చప్పట్లు కొట్టేవారు. 1970లో అక్కడ చట్టం వచ్చినది; ఆ పాపం అంతటితో పూర్తిగా ఆగలేదు.

చిన్నదిగా కనబడే ముచ్చట మరొకటి. గుర్రపు మూతిచుట్టూ, కన్నులచుట్టూ ఉండే బిరుసు వెంట్రుకలను ముఖం నున్నగా కనబడడానికి గొరిగేవారు. గుర్రానికి తన మూతి ముందున్నది కంటికి ఆనదు. ఆ వెంట్రుకలే దానికి అక్కడ చూపు. అంతర్జాతీయ అశ్వక్రీడా సమాఖ్య 2021 జూలై 1 నుండి తన పోటీలలో ఆ వెంట్రుకలు తీయడాన్ని నిషేధించినది. అదే సంవత్సరం జనవరి 1 నుండి రౌతుల పొడవాటి పట్టుటోపీలను కూడా తొలగించి, తలకు రక్షణ ఇచ్చే శిరస్త్రాణాన్ని తప్పనిసరి చేసినది. ఆ టోపీ పోయినందుకు వగచినవారు లేకపోలేదు. కాని తల ఉంటేనే గదా టోపీ!

ఈ వివేకం నిన్న మొన్న పుట్టినది కాదు. క్రీస్తుకు పూర్వం నాలుగవ శతాబ్దంలో గ్రీకుదేశపు జెనొఫన్ గుర్రపుస్వారీ మీద గ్రంథం రాస్తూ, బలవంతం చేస్తే గుర్రం అందంగా నడవదని, తనంతట తాను ఠీవి చూపేటప్పుడు ఎట్లా ఉంటుందో అట్లా నడిపించడమే విద్య అనీ బోధించాడు. మనవారికీ ఈ శాస్త్రం పరాయిది కాదు. విరాటుని కొలువులో నకులుడు దామగ్రంథి అన్న పేరుతో అశ్వశాల పని చేసిన కథ విద్యార్థులందరూ ఎరిగినదే. త్రాటిముడి అని అర్థం వచ్చే పేరు పెట్టుకొన్న ఆ రాజకుమారుడు పరిచారకుని పనికి సిగ్గుపడలేదు. తెలుగులో మనుమంచి భట్టు 'హయలక్షణ విలాసము' అన్న పద్యగ్రంథమే రచించాడు. శ్రీకృష్ణదేవరాయల కాలంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, మహానవమి ఉత్సవాలలో ఖరీదైన వస్త్రాలు కప్పుకొని నడచిన రాజాశ్వాలను, వాటికి ముందు రెండు రాజచ్ఛత్రాలు మోస్తూ నడచిన గుర్రాన్ని వర్ణించాడు. అక్కడి అలంకారం రాజవైభవానికి గుర్తు. ఇంగ్లండు బరిలోని అలంకారం పోషణకు సాక్ష్యం. రెండూ అందమే గాని, రెండవదానిని విప్పి చూస్తారు.

ఆ విప్పడమే ఈ పరీక్షలో అసలు ఘట్టం. హంటర్లు వలయంగా నడచి, దౌడు తీసి, వరుసలో నిలబడిన తరువాత న్యాయనిర్ణేత తానే ఒక్కొక్క గుర్రాన్ని ఎక్కి చూస్తాడు. ఎవరో తెలియని మనిషి ఎక్కినా అది నిబ్బరంగా నడవాలి. పిమ్మట జీను తీయమంటాడు. పరిచారకుడు గుడ్డ పట్టుకొని లోపలికి వచ్చి, జీను క్రింద పట్టిన చెమటను తుడుస్తాడు. అప్పుడు గుర్రం ఏ కప్పూ లేకుండా నిలబడుతుంది. జడలు మెడను కొంచెం నింపి చూపవచ్చును. వీపు మీది ఒరిపిడి పుండును మాత్రం ఏ జడా కప్పలేదు. నెలల తరబడి ఆ వీపును తడిమిన చేయి ఎటువంటిదో ఆ క్షణంలో అందరికీ తెలిసిపోతుంది.

ఇప్పుడు మా జట్కా తాత సంగతి. ఒకనాడు తెల్లవారుజామున మా నాన్నగారు రైలుకు పోవలసి ఉండి, నన్ను ఆయన ఇంటికి పంపారు. తాత లాంతరు పట్టుకొని గుర్రం దగ్గర నిలబడి ఉన్నాడు. తురాయి అప్పటికే పెట్టాడు. పట్టెడ వేయబోతూ దాని భుజాన్ని అరచేతితో తడిమి, లాంతరు దగ్గరగా తెచ్చి చూచాడు. చర్మం కందిపోయి ఉన్నది. పుండు ఇంకా కాలేదు. ఆయన పట్టెడ పక్కన పెట్టి, తురాయి కూడా తీసివేశాడు.

"నాన్నగారికి ఇవాళ బండి రాదని చెప్పు బాబూ. దీనికి ఒంట్లో బాగాలేదు" అన్నాడు.

"పైకి బాగానే ఉన్నది గదా తాతా" అన్నాను.

"పైన పెట్టింది నేనే గదా నాయనా" అన్నాడు.

ఆనాటి కిరాయి, ఆ తరువాత రెండు మూడు రోజుల కిరాయి ఆయనకు పోయినది. ఆ ఇంట కిరాయి లేనినాడు పొయ్యి ఎట్లా వెలిగేదో ఆలోచించే వయసు నాకు కాదు. నాన్నగారు పెట్టె నా నెత్తిన పెట్టి, స్టేషనుదాకా నడచి వచ్చారు, రైలు అందినది. మెడ నొప్పితో తిరిగి వస్తూ చూచాను. జట్కా పెరట్లో ఒరిగి ఉన్నది. తాత కూర్చొని గుర్రపు భుజానికి వేన్నీళ్ళ కాపడం పెడుతున్నాడు. తురాయి గోడకు కొట్టిన మేకున వ్రేలాడుతున్నది.