ప్లీడరు తప్పు చేసిన అడుగువారెవరు?

విత్తనశుద్ధి, ఎరువుల మోతాదు, తెగుళ్ల నివారణ గూర్చి వ్రాయు మేము ఈ మాసము కోర్టు సంగతి ఎత్తుకొనుట కొందరికి వింతగా దోచవచ్చును. కారణము లేకపోలేదు. ఇటీవల పులివెందుల వైపు ఒక గ్రామమున వేరుసెనగ చేను చూడబోయితిమి. పైరు ఏపుగనే యున్నది. రైతు ముఖమున కళ లేదు. విచారింపగా, అప్పు దావాలో తనకు డిక్రీ యయినదనియు, ప్రతివాది సొమ్ము కోర్టులో కట్టి రెండేండ్లు గడచినదనియు, దానిని తీసికొన్న ప్లీడరు ‘రేపు, మాపు’ అనుచున్నాడే గాని పైకము చేతికీయలేదనియు చెప్పెను. “ఆయన్ను అడిగేవాళ్లెవరు సామీ?” అని యతడు వేసిన ప్రశ్నకు నాడు చేని గట్టున చెప్పిన జవాబునే ఇచట సభ్యులందరి కొరకు వ్రాయుచున్నాము.

అడుగువారు కలరు. తెల్లదొరల కాలమున 1879, 1926 సంవత్సరముల చట్టముల క్రింద ఆ యధికారము హైకోర్టులదిగా నుండెను. 1961 సంవత్సరపు న్యాయవాదుల చట్టము దానిని బార్ కౌన్సిళ్లకు ఒప్పగించినది. మన ఫిర్యాదు ఆంధ్రప్రదేశ్ బార్ కౌన్సిలుకు చేరవలెను. అందు విషయము కలదని కౌన్సిలు నమ్మినచో, ముగ్గురు సభ్యుల క్రమశిక్షణ సంఘమునకు పంపును. ఆ సంఘము ప్లీడరుకు నోటీసిచ్చి, ఉభయుల వాదమును వినును. సివిలు కోర్టువలె సాక్షులను పిలిపింపగలదు, కాగితములు తెప్పింపగలదు. తప్పు ఋజువైన మందలించును, లేదా కొంతకాలము వృత్తి చేయకుండ నిలుపును, లేదా న్యాయవాదుల పట్టికనుండి పేరే కొట్టివేయును. ఒక్క యేడాదిలో విచారణ ముగియనిచో ఆ వ్యవహారము భారత బార్ కౌన్సిలుకు బదిలీ యగును. తీర్పు నచ్చనివారు 60 దినములలో భారత బార్ కౌన్సిలుకును, అటుపై మరల 60 దినములలో సుప్రీంకోర్టుకును అప్పీలు చేసికొనవచ్చును.

ఇది కాగితముమీది మాట మాత్రమే కాదు. మన రాష్ట్రముననే ఒక న్యాయవాది తన కక్షిదారునికి రావలసిన డిక్రీ సొమ్ము 14,600 రూపాయలు పలు దఫాలుగా తీసికొని యీయలేదు. రాష్ట్ర బార్ కౌన్సిలు అతని పేరు పట్టికనుండి తొలగించెను. కాజేయు నుద్దేశము లేదని తలచి భారత బార్ కౌన్సిలు ఆ శిక్షను రద్దుచేసెను. రాష్ట్ర కౌన్సిలు ఊరకుండక సుప్రీంకోర్టుకు పోగా, 2002లో ఆ న్యాయస్థానము మొదటి శిక్షనే నిలబెట్టెను. మొత్తము చిన్నదే, కాని కక్షిదారుని సొమ్ము కక్షిదారునిదే యను ధర్మము చిన్నది కాదు.

రెండవది ఫీజు సంగతి. వచ్చిన దానిలో నూటికింత యని వాటా మాట్లాడుకొనుట న్యాయవాదులకు నిషిద్ధము. తెలంగాణమున మోటారు ప్రమాదములో భర్తను గోల్పోయిన యొక స్త్రీ నష్టపరిహారమునుండి 10 లక్షలు చెల్లించినను చాలదని, ఆమెచేత మరి 3 లక్షలకు చెక్కు వ్రాయించుకొని, అది చెల్లనందున క్రిమినలు కేసు పెట్టిరి. 2017 డిసెంబరు 5వ తేదీన సుప్రీంకోర్టు ఆ కేసును కొట్టివేసి, వాటా ఫీజు వృత్తి ధర్మమునకు విరుద్ధమని చెప్పెను. గండికోట జలాశయము క్రింద భూములు పోయిన జమ్మలమడుగు ప్రాంతపు రైతులు, పరిహారపు దావాలు వేయునపుడు ఈ మాట మరువరాదు.

మూడవది మన సంఘములకే సంబంధించినది. మధ్యప్రదేశ్‌లో ఒక న్యాయవాది, ఫీజు బాకీ తీర్చువరకు ఈయనని, సహకార బ్యాంకు ఫైళ్లను బిగబట్టెను. ఫీజు బాకీకి ప్రత్యేకముగా దావా వేయవచ్చును గాని కక్షిదారుని కాగితములను తాకట్టువలె ఉంచుకొనరాదని 2000లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పి, ఆ న్యాయవాదిని మందలించెను.

అయితే దావా ఓడినంత మాత్రమున ప్లీడరు దోషి కాడు. వాన కురియకున్న విత్తినవానిని నిందింతుమా? వాదనలో పొరపాటు వేరు, వంచన వేరు. ప్రొద్దుటూరు మొదలుగా మన కోర్టులలో నమ్మకముగా పనిచేయు న్యాయవాదులు ఎందరో కలరు. కోపముతో వ్రాసిన అబద్ధపు టర్జీ వారికిని చేటు, మనకును చేటు. సేవాలోపమని వినియోగదారుల కోర్టుకు పోవుటకును వీలు లేదు. న్యాయవాదులు ఆ చట్టము క్రిందికి రారని 2024 మే 14న సుప్రీంకోర్టు తేల్చినది. మరియు బార్ కౌన్సిలు వేయునది శిక్ష; పోయిన పైకము రాబట్టుటకు సివిలు దావా వేరుగా వేయవలసియుండును. కాజేసినచో పోలీసు ఫిర్యాదును చేయవచ్చును.

కావున సభ్యులు చేయవలసినది సులభమే. ఇచ్చిన ప్రతి రూపాయికి రసీదు గైకొనుడు. తెల్లకాగితముమీద గాని, ఖాళీ చెక్కుమీద గాని సంతకము చేయకుడు. వకాల్తా, దావా, డిక్రీ నకళ్లు ఇంట భద్రపరచుడు. వాయిదా తేదీలను పుస్తకమున వ్రాసికొనుడు. ఫిర్యాదు తప్పనిసరియైనపుడు జరిగినది జరిగినట్లు తేదీలతో వ్రాసి, నిజమని ధ్రువపరచి, సంతకము చేసి, నిర్ణీత రుసుముతో పంపుడు. తెలుగున వ్రాసిన అర్జీయు చెల్లును.

పులివెందుల రైతు ఆనాడు మా మాట విని, ఇంటికి పోయి పెట్టె వెదకెను. రసీదులు రెండే దొరికినవి. ఆ రెండింటితోనే అతడు అర్జీ వ్రాయించుచున్నాడు. తక్కిన సభ్యుల పెట్టెలలో అన్నియు నుండవలెనని మా కోరిక.