దిల్‌సుఖ్‌నగర్‌కు సముద్రమే కొలత

మలక్‌పేట దగ్గర మెట్రో 78 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశాన్ని దాటుతుంది. రైల్లో ఎవరికీ పట్టదు గానీ, సర్వే ఆఫ్ ఇండియా పటంలో అక్కడితో ఒక షీటు అయిపోతుంది. చార్మినార్ 56కె/7లో ఉండిపోతే, దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్బీనగర్ 56కె/11లోకి వస్తాయి. ఇలాంటి పటాలు గీయడం నేర్పే శిక్షణ సంస్థా దూరమేం కాదు. నాగోలు మీదుగా వెళ్తే ఉప్పల్‌లోనే ఉంది.

దిల్‌సుఖ్‌నగర్ షీటు మీది ఎత్తులన్నీ సముద్రం నుంచి లెక్కగట్టినవే. 1909 నాటి ఎత్తుల ప్రమాణానికి తొమ్మిది రేవుల్లో ఏళ్ల తరబడి ఆటుపోట్లు కొలిచారు. వాటిలో విశాఖపట్నం ఒకటి. అలా తేలిన సముద్ర మట్టాన్ని సర్వేయర్లు లెవెల్ యంత్రంతో, అంకెల కర్రతో అంచెలంచెలుగా దక్కన్ మీదికి ఎక్కించారు.

విశాఖలో తూర్పు కనుమలు నేరుగా సముద్రంలోకి దిగుతాయి. యారాడ కొండ, డాల్ఫిన్స్ నోస్ దగ్గర పటం మీది ఎత్తు గీతలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. దారి చెప్పే మనిషి కనబడని రాతి తీరంలో ఆ గీతలే దిక్కు. అదే తరహా పటం ఎల్బీనగర్‌కు వచ్చేసరికి తడబడుతుంది. ఒక సెంటీమీటరుకు అర కిలోమీటరు, గీతకూ గీతకూ మధ్య 20 మీటర్ల ఎత్తు. ఆ రెండు గీతల మధ్య కాలనీలకు కాలనీలే పడతాయి.

ఇక్కడి జాతకాలు తేల్చేదేమో ఒకటి రెండు మీటర్లు! సరూర్‌నగర్ చెరువు నిండితే నీళ్లు మూసీకి పోవాలి. దారిలో కోదండరాంనగర్ ఉంది. 2020 అక్టోబరు వరదలో ఆ లోతట్టు వీధులు మునిగాయి. ఏది చెరువు కిందికి వచ్చే శిఖం భూమి, ఏది పట్టా అన్న తగాదా వచ్చినప్పుడల్లా పాత టోపోషీటులోని నీలం మచ్చను వెతుకుతారు. చెరువు ఒకప్పుడు ఎంత మేర ఉండేదో అది చెబుతుంది. ఫలానా గడపలోకి నీళ్లొస్తాయా అంటే మాత్రం దాని దగ్గర జవాబు లేదు. అసలు దాన్ని గీసింది అందుకు కాదు.

2022 జాతీయ జియోస్పేషియల్ విధానం 2030 కల్లా మైదానాల ఎత్తులను 25 సెంటీమీటర్ల కచ్చితత్వంతో, కొండల ఎత్తులను ఒకటి నుంచి మూడు మీటర్ల కచ్చితత్వంతో నమోదు చేయాలంటోంది. నన్నడిగితే వరుసలో మొదటి పేరు ఈ చెరువు కింది కాలనీలదే కావాలి. ఆ ఎత్తుల పటం కార్పొరేషన్ అల్మారాలో పడి ఉండకుండా, ఇల్లు కొనబోయేవాడి చేతికి రిజిస్ట్రేషన్‌కు ముందే అందాలి.