మట్టిపలక మొదలు డేటాబేసు వరకు

సాఫ్ట్‌వేరు వ్రాయు మేము పగలెల్ల డేటాబేసులతో కుస్తీపట్టి, సాయంకాలమున మిత్రులతో గూడి రొట్టెయు, బీరును సేవించుట కద్దు. లెక్కకును, బీరునకును గల చుట్టరికము పురాతనమైనది. సుమారు 5,000 సంవత్సరములకు పూర్వమే మెసొపొటేమియాలో పనివారి కొసగు బీరుబత్తెమును మట్టిపలకలపై గుర్తించిరి.

1970లో ఎడ్గార్ కాడ్ అను శాస్త్రజ్ఞుడు సమాచారమును పట్టికలుగా నమర్చు పద్ధతిని ప్రతిపాదించెను. నేటి డేటాబేసులలో పెక్కింటికి అదియే పునాది.

ఆనాటి బీరులెక్కనే మా యంత్రమున కెక్కించితి మనుకొందము. గిడ్డంగి లెక్కలో ఒక కుండ తగ్గవలెను; పనివాని పేర ఒక కుండ చేరవలెను. రెండును జరుగవలెను, లేదా రెండును జరుగరాదు. దీనినే మేము ట్రాన్సాక్షన్ అందుము. నడుమ విద్యుత్తు పోయినను సగము లెక్క మిగులదు.

నాడు పలకపై గీత తప్పినచో పనివాడు పస్తుండవలసినదే. నేడు రేషను పట్టికలో పేరు తప్పినను అంతియే. అంకెల వెనుక ఆకలి గలదని మేము మరువరాదు.