మాలిన్యాన్ని మేసే సూక్ష్మజీవులు

చమురు శుద్ధి కర్మాగారాలలో నిల్వ ట్యాంకుల అడుగున నల్లని మడ్డి పేరుకుంటుంది. అది ఇంకిన నేలలో గడ్డి మొలవడం కూడా కష్టమే. వానలకు అది మెల్లగా లోపలికి దిగి భూగర్భజలాన్ని చేరుతుంది. అటువంటి మట్టిని తవ్వి వేరొకచోట పూడ్చడం చాలాకాలం ఆచారంగా ఉండేది. దానివల్ల మాలిన్యం చోటు మారుతుందే గాని నశించదు. కాల్చడానికి ఖర్చెక్కువ, పైగా పొగ వేరొక బెడద.

మనిషికి విషమైనది మరొక జీవికి ఆహారం కావచ్చు. ముడిచమురులో అధికభాగం కార్బన్, హైడ్రోజన్‌ల సమ్మేళనాలే. సూడోమోనాస్ వంటి బాక్టీరియాలు ఎంజైముల సాయంతో ఆ అణువులను ముక్కలుచేసి శక్తిని పొందుతాయి. చివరకు ఎక్కువగా మిగిలేవి కార్బన్ డయాక్సైడు, నీరు. ఈ పద్ధతిని బయోరెమిడియేషన్ అంటారు. జీవశుద్ధి అనడం మనకు తేలిక.

ఈ రంగంలో ఒక భారతీయుని పేరు ప్రపంచప్రసిద్ధమైంది. 1938లో పశ్చిమబెంగాల్‌లోని సైంథియాలో జన్మించిన ఆనంద మోహన్ చక్రవర్తి, అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో పనిచేస్తూ, చమురులోని వేర్వేరు భాగాలను విడగొట్టగల నాలుగు ప్లాస్మిడ్లను ఒకే బాక్టీరియాలో చేర్చారు. జీవికి పేటెంటు ఏమిటన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1980లో అయిదుగురు న్యాయమూర్తులు ఆయన పక్షాన, నలుగురు వ్యతిరేకంగా తీర్పు చెప్పారు. విచిత్రమేమంటే, ఇంత ఖ్యాతి పొందిన ఆ బాక్టీరియాను సముద్రంపై తేలే చమురు మీద ఏనాడూ ప్రయోగించలేదు. మార్చిన జీవిని ప్రకృతిలోకి వదలడానికి జంకు అడ్డుపడింది.

1989 మార్చి 24న అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ నౌక రాతిదిబ్బను ఢీకొని, సుమారు 4 కోట్ల లీటర్ల చమురు సముద్రం పాలైంది. అప్పుడు శాస్త్రజ్ఞులు ఆశ్రయించినది అక్కడి తీరంలో సహజంగా ఉన్న బాక్టీరియాలనే. చమురులో కార్బన్ పుష్కలం. నత్రజని, భాస్వరం మాత్రం అత్యల్పం. విస్తరి నిండా అన్నం వడ్డించి పప్పు, కూర మరచినట్లన్నమాట! ఆ లోటును ఎరువులతో పూరించగా అనేకచోట్ల చమురు త్వరగా తగ్గింది. రాళ్ళ కింద గాలి చొరని తావుల్లో దాగిన చమురు మాత్రం దశాబ్దాల తరువాతా కనిపించింది.

మనదేశంలో టెరి సంస్థ 'ఆయిల్‌జాపర్' పేరుతో కొన్ని బాక్టీరియాల మిశ్రమాన్ని రూపొందించింది. దానిని రిఫైనరీల మడ్డిపై వాడారు. మట్టిలో కలిపి, గాలి ఆడేటట్లు దున్నుతూ, తడి ఆరకుండా చూస్తూ నెలల తరబడి సాగే పని ఇది, ఒకరకంగా సేద్యమే.

అన్ని విషాలూ ఇలా లొంగవు. సీసం, పాదరసం, క్రోమియం మూలకాలు కనుక వాటిని ఏ జీవీ విడగొట్టలేదు. తోళ్ళ కర్మాగారాల క్రోమియంను కొన్ని బాక్టీరియాలు తక్కువ విషపూరితమైన రూపంలోకి మార్చగలవు, అంతే. లోహపు భాగాల జిడ్డు వదిలించడానికి వాడిన ట్రైక్లోరోఎథిలీన్ కథ మరీ చిక్కైనది. ఆక్సిజన్ లేని నేలపొరల్లో బాక్టీరియాలు దానిలోని క్లోరిన్‌ను ఒక్కొక్కటిగా తొలగిస్తాయి. ఆ పని సగంలో ఆగితే మిగిలేది వినైల్ క్లోరైడు. అది క్యాన్సర్ కారకం. దానిని హానిలేని ఎథిలీన్ దాకా తీసుకుపోగలిగినవి డీహాలోకోకాయిడిస్ జాతిలోని కొన్ని రకాలు. అందుచేత అటువంటి నేలలో పని ఆరంభించేముందు, ఆ బాక్టీరియాలు అక్కడ ఉన్నాయో లేవో భూగర్భజలం నమూనాలలో వెదకి చూస్తారు.